పది సెకన్లు చాలు

తెలుగు రావాలంటే పాటలు వినమని అందరూ చెప్తారు. ఈ సలహాలో నాకు సగమే నచ్చుతుంది. పాట మొత్తం అక్కర్లేదు. ప్రతి మంచి పాటలోనూ మనకు ఒళ్ళు జలదరించే చోటు ఒకటి ఉంటుంది. ఒక నవ్వు, ఒక విరుపు, గొంతు మారే క్షణం, వాయిద్యాలన్నీ ఆగిపోయి ఒక్క మాట మిగిలే క్షణం. ఆ పది సెకన్లు పట్టుకోండి. తెలుగు చెవిన పడుతూ పెరిగినా నోటికి రాని మనలాంటి వాళ్ళం మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే అని నా అభిప్రాయం.

నా గురించి రెండు ముక్కలు. నాకు అరవై దాటాయి. చదువంతా ఇంగ్లీషు మీడియం. మా స్కూల్లో తెలుగులో మాట్లాడితే ఫైన్ కట్టాలి. సెకండ్ లాంగ్వేజ్ హిందీ. ఇంట్లో అమ్మా నాన్నా తెలుగులో అడిగేవారు, నేను ఇంగ్లీషులో జవాబు చెప్పేదాన్ని. అక్షరాలు సొంతంగా నేర్చుకున్నది చాలా ఏళ్ళ తరవాత, ఇక్కడ మెల్‌బోర్న్‌లో. ఇప్పుడు కేరమ్ డౌన్స్‌లో బౌండరీ రోడ్డు మీదున్న శివ విష్ణు ఆలయంలో శని, ఆదివారాలు వాలంటీరుగా పనిచేస్తాను. కూరగాయలు తరుగుతాను, పూలు వేరు చేస్తాను, దారి తెలియని వాళ్ళకి దారి చూపిస్తాను. పాయింట్ కుక్ నుంచీ టార్నీట్ నుంచీ తెలుగు కుటుంబాలు బోలెడంత దూరం డ్రైవ్ చేసుకుని వస్తారు. కారు దిగేటప్పుడు ఆ పిల్లల నోట్లో ఏదో ఒక తెలుగు పాట ముక్క ఉంటుంది. ముక్కే, మొత్తం పాట కాదు. ఆ ముక్కే ఎందుకు అతుక్కుంది అని ఆలోచిస్తూ ఉంటే నాకీ అభిప్రాయం కుదిరింది.

చిన్న ముక్కకి ఎంత బరువు

ముందు మన ఊరి పాటతోనే మొదలుపెడతాను. మెల్‌బోర్న్ బ్యాండ్ మెన్ ఎట్ వర్క్ 1981లో డౌన్ అండర్ అనే పాట విడుదల చేసింది. ఆ పాట తెలియని వాళ్ళు ఆస్ట్రేలియాలో ఉండరు. అందులో మీకు ఏం గుర్తుంది అని అడిగితే చాలామంది మాటలు చెప్పరు, ఫ్లూట్ ఊదినట్టు నోటితో చేసి చూపిస్తారు. ఆ ఫ్లూట్ ముక్క కొన్ని సెకన్లే ఉంటుంది. కూకబర్రా పక్షి మీద స్కూలు పిల్లలంతా పాడే పాట ఉంది కదా, మెరియన్ సింక్లెయిర్ అనే టీచరు 1930లలో రాసింది. ఫ్లూట్ ముక్క ఆ పాటలోదే అని కేసు వేశారు. 2010లో ఫెడరల్ కోర్టు అవునంది. పాట రాయల్టీలో ఐదు శాతం ఇమ్మంది.

ఆ తీర్పు న్యాయమా కాదా అనేది నా విషయం కాదు. కొన్ని సెకన్ల ముక్క కోసం పెద్ద లాయర్లు కోర్టుకి ఎక్కారు అన్నదే నాకు ముఖ్యం. పాటలో మనసుకి పట్టేది చిన్న ముక్కే అని వాళ్ళకి తెలుసు. భాష నేర్చుకునే మనం మాత్రం పాట మొత్తం ప్రింటు తీసుకుని, పక్కన ఇంగ్లీషులో అర్థం రాసుకుని, మూడో చరణం దగ్గర విసిగిపోయి మానేస్తాం.

ఘటోత్కచుడి నవ్వు

నా లిస్టులో మొదటి చోటు మాయాబజార్‌ది. 1957లో వచ్చింది. ఘటోత్కచుడు పెళ్ళివారి వంటకాలన్నీ ఒక్కడే తినేస్తూ పాడే పాట ఉంది. తెర మీద ఎస్.వి. రంగారావు, పాడినది మాధవపెద్ది సత్యం. ఆ పాటలో నవ్వు వచ్చే చోటు వినండి. అది పాట ఆపి నవ్వే నవ్వు కాదు. తాళంలోనే, రాగంలోనే నవ్వుతాడు. గారెలు చూసి ఒక రకంగా ఆశ్చర్యపోతాడు, బూరెలకి ఇంకో రకంగా, అరిసెలకి మరో రకంగా. ఇంగ్లీషులో 1922లో ఛార్లెస్ పెన్‌రోజ్ రికార్డు చేసిన లాఫింగ్ పోలీస్‌మన్ అనే నవ్వుల పాట ఉంది. అది వింటే మన ఘటోత్కచుడు వెంటనే గుర్తుకొస్తాడు. కానీ అందులో గారెలు లేవు.

మనకి ఇందులో పాఠం ఏమిటంటే, ఔరా, అబ్బో, అయ్యో, ఓహో, అమ్మో లాంటి మాటలు. ఏ పాఠ్యపుస్తకం వీటిని సరిగ్గా నేర్పదు. అబ్బ అంటే నొప్పి, అబ్బా అంటే విసుగు, అబ్బో అంటే మెచ్చుకోలో వెక్కిరింతో. తేడా అంతా చివరి అచ్చులోనూ గొంతులోనూ ఉంది. వీటికి అర్థం రాసుకుంటే రాదు, వింటేనే వస్తుంది.

ఈ పాట గురించి ఒక సంగతి చెప్పాలి. గుడికి వచ్చే ఒక అమ్మాయి ఉంది. నలభై ఏళ్ళు ఉంటాయి, అయినా నాకు అమ్మాయే. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. వాళ్ళమ్మగారికి మతిమరుపు జబ్బు వచ్చింది. తరవాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందు పోయింది, తెలుగు మిగిలింది. ఏజ్డ్ కేర్‌లో ఆవిడతో మాట్లాడేవాళ్ళు లేరు. కూతురు వెళ్ళి కూర్చున్నా ఇద్దరి మధ్యా మాట లేదు. ఒకరోజు ఈ అమ్మాయి ఫోన్లో ఆ పాట పెట్టింది. నవ్వు రావడానికి ఒక్క క్షణం ముందే ఆవిడ నవ్వారట. ఆ చోటు ఎక్కడో ఆవిడకి గుర్తుంది. రెండోసారి కూతురు కూడా ఆ చోట్లోనే నవ్వింది. అప్పుడు ఆవిడ అడిగారట, గారెలు చేశావా అని.

తరవాతి ఆదివారం ఆ అమ్మాయి మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నన్ను అడిగింది, "ఆంటీ, గారెలు ఎలా చేస్తారు?" అని. తెలుగులో అడిగింది. మినప్పప్పు ఎంతసేపు నానబెట్టాలో, నీళ్ళు ఎక్కువ పోయకుండా ఎలా రుబ్బాలో, తడి చేతి మీద ఎలా తట్టాలో తెలుగులోనే చెప్పాను. అందులో సగం మాటలు ఆ అమ్మాయికి కొత్త. కానీ ఆగి ఆగి, మళ్ళీ అడిగి నేర్చుకుంది. పాట మొత్తం అర్థం తెలిసి కాదు. ఒక నవ్వు తెలిసి.

మన దగ్గర ఎక్కువ టైము లేదు అని నేను అనేది ఇందుకే. వ్యాకరణం పూర్తయ్యాక మాట్లాడదాం అనుకుంటే, మనం మాట్లాడాల్సిన వాళ్ళు అంతవరకూ ఉండరు.

పిల్లవాడి ప్రశ్న

రెండోది సప్తపది, 1981. ఆవులు, పాలు, రంగులు, వీటి మీద ఒక పిల్లవాడు ప్రశ్నలు వేసే పాట. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో కలిసి ఎస్. జానకి పాడారు. జానకి గారు పుట్టింది 1938లో. అంటే నలభై దాటిన వయసులో చిన్న పిల్లవాడి గొంతుతో పాడారు. మొదటిసారి విన్నప్పుడు ఎవరో కుర్రాడు అనుకుంటాం. జానకి గారని తెలిశాక మళ్ళీ వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ ప్రశ్నలు ముగిసే చోటు వినండి. తెలుగులో ప్రశ్న వేయడానికి మాటల వరస మార్చక్కర్లేదు. చివర ఒక ఆ చేరిస్తే చాలు. వచ్చావు, వచ్చావా. ఉంది, ఉందా. తిన్నారు, తిన్నారా. ఈ సూత్రం మీకు ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. కానీ ఆ దీర్ఘం మీద గొంతు ఎంత పైకి లేవాలి, ఎప్పుడు దించాలి అన్నది కాగితం మీద ఉండదు. నిజంగా తెలియక అడిగే ప్రశ్నకి ఒక తీరు, తెలిసీ ఎదుటివాణ్ణి ఇరుకున పెట్టే ప్రశ్నకి ఇంకో తీరు. ఆ పాటలో ఉన్నది రెండో రకం. పిల్లవాడు అమాయకంగా అడుగుతున్నట్టే ఉంటుంది, పెద్దవాళ్ళ దగ్గర మాత్రం జవాబు ఉండదు.

అర్థం లేని మాటలు

మూడోది సాగర సంగమం, 1983. ఇళయరాజా సంగీతం. తాగి ఉన్న కమల్ హాసన్ బావి గట్టు మీద నాట్యం చేసే పాట. అది మొదలయ్యేదే జతులతో. తకిట, తధిమి, వీటికి అర్థం లేదు. డాన్సు నేర్చుకునే పిల్లలంతా వీటిని నోటితో పలుకుతారు, చేత్తో తాళం వేస్తారు. నాకు ఈ పాటలో ప్రాణం లేచొచ్చే చోటు ఏదంటే, అర్థం లేని జతుల నుంచి అర్థం ఉన్న మాటల్లోకి దాటే చోటు. తాళం మారదు. బాలు గొంతు ఆగదు. ఎప్పుడు దాటామో తెలియదు.

ఇది నాకు ఒక పెద్ద చిక్కు విప్పింది. మనం తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు వాళ్ళలా ఎందుకు వినిపిస్తుంది? ఇంగ్లీషులో ఒక అక్షరం నొక్కి పలికి మిగతావి మింగేస్తాం. తెలుగులో అలా కుదరదు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. పలక అన్నప్పుడు మూడు మాత్రలు, అంటే తకిట. పల్లకి అన్నప్పుడు నాలుగు, అంటే తకధిమి. ఒత్తక్షరం ముందున్న అక్షరం బరువెక్కుతుంది కాబట్టి. చేత్తో తొడ మీద తాళం వేస్తూ పలక, పల్లకి, పలక, పల్లకి అనండి. ఐదు నిమిషాల్లో మీ నోరు మారడం మీకే తెలుస్తుంది. నాకు వ్యాకరణ పుస్తకంలో ఆరు నెలలు ఎక్కనిది ఈ జతుల దగ్గర ఎక్కింది.

నాటులో ట

మార్చి 2023లో ఆస్కార్ వేడుక ఇక్కడ మనకి సోమవారం పొద్దున వచ్చింది. లేబర్ డే సెలవు కాబట్టి అందరం ఇళ్ళల్లోనే ఉన్నాం. స్టేజి మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ నాటు నాటు పాడారు. చంద్రబోస్ రాసిన మాటలకీ కీరవాణి కట్టిన బాణీకీ ఆస్కార్ వచ్చింది. భారతీయ సినిమా పాటకి అది రావడం అదే మొదటిసారి. కీరవాణి గారు ధన్యవాదాలు చెప్తూ కార్పెంటర్స్ పాట బాణీలో నాలుగు మాటలు పాడేశారు. చిన్నప్పుడు కార్పెంటర్స్ వింటూ పెరిగానని చెప్పారు. ఇంగ్లీషు పాటలు వింటూ పెరిగిన నాలాంటి దానికి అది ఇంట్లో మనిషి మాట్లాడినట్టే ఉంది.

ఆ రోజు నుంచి ప్రపంచం అంతా ఆ మాట పలుకుతోంది. పలకడంలోనే ఉంది చిక్కు. ఇంగ్లీషు వాళ్ళ టీ శబ్దం మన ట కాదు, త కూడా కాదు, రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మన త కి నాలుక పళ్ళకి తగలాలి. మన ట కి నాలుక వెనక్కి మడిచి పైన కొట్టాలి. ఆ పాటలో ప్రతి ట డప్పు మీద దెబ్బలా పడుతుంది. చివర ఉ పొట్టిగా తెగుతుంది, సాగదు. పది సెకన్లు దానితో కలిసి అనండి. తరవాత వంటింట్లోకి వెళ్ళి నాటు కోడి అనండి. పాట, బాట, మాట, తోట, కోట, వరసగా అనండి. నాలుక అలవాటు పడుతుంది.

ఊ, ఊహూఁ

ఇప్పుడు చెప్పబోయే పాట పేరు ఎత్తితే గుళ్ళో నా తోటి వాలంటీర్లు నవ్వుతారు. డిసెంబర్ 2021లో వచ్చిన పుష్పలో ఊ పాట. దేవిశ్రీప్రసాద్ సంగీతం, ఇంద్రావతి చౌహాన్ గొంతు. తెర మీద డాన్సు గురించి నన్ను అడగొద్దు. కానీ ఆ పల్లవి నడిచేది రెండు శబ్దాల మీద. ఒక ఊ అంటే సరే. ఇంకో ఊ, విరిచి అంటే కాదు.

తెలుగు ఇళ్ళల్లో సగం సంభాషణ ఇదే. పెద్దవాళ్ళు కథ చెప్తుంటే పిల్లలు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. అన్నం తిన్నావా, ఊ. ఇంకా వెయ్యనా, ఊహూఁ. ఫోన్లో మా అన్నయ్య పది నిమిషాలు మాట్లాడితే నేను ఊ అనేది ఇరవై సార్లు. భాష రాదు అని బాధపడే పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే. మీకు ఊ కొట్టడం వస్తే మీరు ఇప్పటికే సంభాషణలో ఉన్నారు. మిగతా మాటలు నెమ్మదిగా వస్తాయి. ఈ తేడా ఇక్కడి పిల్లలకి ఏ తెలుగు క్లాసులోనూ రాలేదు, ఆ పాటతో వచ్చింది. నిజం నిజమే కదా.

ఒప్పుకోని వాళ్ళ మాట

నా అభిప్రాయాన్ని ఒప్పుకోని వాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాటల్లో పస లేదని నేను అనను.

సినిమా పాటల్లో భాష మాట్లాడే భాష కాదు అంటారు. చాలావరకు నిజం. పాటలో సంస్కృతం ఉంటుంది, పాత మాటలు ఉంటాయి, ప్రాస కోసం వంకర తిప్పిన వాక్యాలు ఉంటాయి. పాటలోని వాక్యాన్ని ఎత్తి కూరగాయల కొట్లో వాడితే నవ్వుతారు. అందుకే నేను వాక్యాలు నేర్చుకోమనలేదు. శబ్దం నేర్చుకోమన్నాను.

రాగం కోసం హ్రస్వాన్ని సాగదీస్తారు, పిల్లలు దాన్నే దీర్ఘం అనుకుంటారు అని ఇంకొకరు అంటారు. ఇది ఇంకా గట్టి అభ్యంతరం. కల అంటే స్వప్నం, కాల అంటే ఇంకేదో. సాగితే అర్థం పోతుంది. దీనికి నా దగ్గర ఉన్న మందు ఒక్కటే. పాడిన మాటని వెంటనే మామూలుగా పలికి చూసుకోవాలి. ఎవరైనా తెలిసిన వాళ్ళ చేత ఒకసారి అనిపించుకోవాలి. పాట ఒక్కటే గురువు అంటే నేనూ ఒప్పుకోను.

మూడోది గుళ్ళోనే వినపడుతుంది. పిల్లలకి సినిమా పాటలెందుకు, అన్నమయ్యవీ త్యాగరాజువీ నేర్పండి అని. తప్పకుండా నేర్పండి. కానీ అక్కడ కూడా పని చేసేది ఆ పది సెకన్లే. వంటింట్లో నా పక్కన బీన్స్ తరిగే శ్రీలంక తమిళ ఆవిడ ఉంది. త్యాగరాజ కృతులు ఆవిడకి నాకన్నా ఎక్కువ వచ్చు. తెలుగు ఆవిడకి రాదు. ఒక కృతిలో ఒకే మాటని ఐదారు సంగతుల్లో పాడి, చివరి సంగతి దగ్గర కళ్ళు మూసుకుంటుంది. ఇక్కడ ఏదో అయింది, ఏమిటో చెప్పు అని నన్ను అడుగుతుంది. నాకు తెలియకపోతే ఇంటికి వచ్చి నిఘంటువు తీస్తాను. తెలుగు రాని మనిషి నా చేత తెలుగు నిఘంటువు తీయిస్తోంది. ఆవిడని అక్కడికి తెచ్చింది అర్థం కాదు, ఆ సంగతి.

తెలుగు పుట్టుకతో రాని గొంతులు

మనకి ఒక సిగ్గు ఉంది. నా ఉచ్చారణ బాగోదు, నవ్వుతారు అని. ఆ సిగ్గు ఉన్నవాళ్ళు ఈ పేర్లు గుర్తు పెట్టుకోండి. మాయాబజార్‌లో ఘంటసాలతో కలిసి వెన్నెల పడవ పాట పాడిన పి. లీల మలయాళీ. మన ఇళ్ళల్లో తెల్లవారుజామున అన్నమయ్య పాటలు వినిపించే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పుట్టింది మదురైలో. వాణీ జయరాం పుట్టింది వేలూరులో, తమిళ కుటుంబంలో. వీళ్ళు తెలుగు చెవితో విని, నోటితో దిద్దుకుని, మనకి తెలుగు అంటే ఇలా ఉండాలి అనిపించేలా పాడారు.

వాణీ జయరాం పేరు వచ్చింది కాబట్టి నా ఆఖరి చోటు చెప్తాను. శంకరాభరణం, 1980. సినిమా చివర ముసలి శంకరశాస్త్రి కచేరీ చేస్తుంటాడు. తెర మీద జె.వి. సోమయాజులు, గొంతు బాలుది. పాట మధ్యలో ఆయన గొంతు ఆగిపోతుంది. ఊపిరి అందదు. పక్కనే ఉన్న చిన్న శిష్యుడు పాట అందుకుంటాడు. ఆ పిల్లవాడి గొంతు వాణీ జయరాంది. ఈ సినిమాకి బాలుకీ ఆవిడకీ ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి. బాలు శాస్త్రీయ సంగీతం గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు. ఆవిడకి తెలుగు మాతృభాష కాదు. అంటే తెలుగు వాళ్ళందరూ కన్నీళ్ళు పెట్టుకునే ఆ చోటులో సంగీతం పద్ధతిగా నేర్వని మనిషి నుంచి పాట తెలుగు పుట్టుకతో రాని మనిషికి వెళ్ళింది.

నేను ఎన్నిసార్లు విన్నా ఆ మార్పు దగ్గర గొంతు పట్టేస్తుంది. శిష్యుడు అన్నీ నేర్చుకుని సిద్ధమయ్యాక అందుకోలేదు. గొంతు ఆగింది కాబట్టి అందుకున్నాడు. ఏజ్డ్ కేర్‌లో ఉన్న అమ్మలకీ, వాట్సాప్‌లో వాయిస్ మెసేజులు పెట్టే తాతలకీ మన జవాబు ఎలా ఉండాలి అంటే నాకు ఈ చోటే గుర్తుకొస్తుంది.

ఎలా చేయాలి

సలహా ఇచ్చాక పద్ధతి కూడా చెప్పాలి. నేను చేసేది ఇది.

ఒకటి. మీకు నచ్చిన చోటు మీరే ఎంచుకోండి. నాది మీది కానక్కర్లేదు. గొప్ప పాటే కానక్కర్లేదు. ఒళ్ళు జలదరించిందా లేదా, అదొక్కటే పరీక్ష.

రెండు. ఆ ముక్కని కళ్ళు మూసుకుని ఐదుసార్లు వినండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పాట చూడకండి. ఇంగ్లీషు అక్షరాల్లో ట కీ త కీ తేడా లేదు, ల కీ ళ కీ లేదు, న కీ ణ కీ లేదు. చెవి విన్నదాన్ని కన్ను చెడగొడుతుంది. కాలు ఒకటైతే ల, కాళ్ళు రెండైతే ళ. ఈ తేడా చెవికే తెలియాలి.

మూడు. కలిసి పాడండి. తరవాత పాడకుండా మాట్లాడినట్టు అనండి. హ్రస్వం హ్రస్వంగా, దీర్ఘం దీర్ఘంగా.

నాలుగు. విన్నది తెలుగు అక్షరాల్లో మీరే రాయండి. తరవాత సరి చూసుకోండి. పది సెకన్లంటే ఆరేడు మాటలే, భయం అక్కర్లేదు.

ఐదు. ఆ ముక్కలో ఒక్క మాట తీసుకుని ఆ వారంలో ఒక మనిషితో వాడండి. యాప్‌తో కాదు, మనిషితో. ఇది మానేస్తే మొదటి నాలుగూ వృథా.

ఒక ముక్కకి ఒక వారం. ఏడాదికి యాభై ముక్కలు. మొత్తం కలిపినా పది నిమిషాల పాట కూడా కాదు. కానీ యాభై మాటలు మీ నోట్లో తెలుగువాళ్ళ నోట్లో ఉన్నట్టు ఉంటాయి, ఆ యాభై చోట్ల మీరూ మీ ఇంటి పెద్దవాళ్ళూ ఒకేసారి నవ్వుతారు.

ఈ వారం నాది ఒక ఫ్లూట్ ముక్క తరవాత వచ్చే మాట. సిరివెన్నెల, 1986. ఆ సినిమాలో వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. మాటలు రాసిన సీతారామశాస్త్రి గారికి ఆ సినిమా పేరే ఇంటిపేరులా నిలిచిపోయింది. ఆ మాటకి అర్థం నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. పలకడం మాత్రం వచ్చేసింది. రాత్రికి అన్నయ్యకి ఫోన్ చేసి అడుగుతాను.